ప్యాకర్స్ వాళ్లు "ఒక్క రాత్రి మా గోడౌన్‌లో ఉంటుంది" అంటున్నారు: ఏమేం అడగాలి?

ప్రశ్న: మియాపూర్_అద్దెదారు

అందరికీ నమస్కారం. మియాపూర్ నుంచి బెంగళూరు వైట్‌ఫీల్డ్‌కి రెండు బెడ్రూముల ఇంటి సామాను మార్చాలి. ఇక్కడి ఫ్లాట్ 30వ తేదీ సాయంత్రం 5 గంటలకల్లా ఖాళీ చేయాలి. అక్కడి తాళాలు 1వ తేదీ పొద్దున్న చేతికొస్తాయి. అయితే ఆ అపార్ట్‌మెంట్‌లో సామాను దించడానికి ఉదయం 10 నుంచి సాయంత్రం 5 వరకే అనుమతి, ఆదివారం అసలు లేదు.

మాట్లాడిన ప్యాకర్స్ కొటేషన్ 28,000 రూపాయలు. జీఎస్టీ అదనం. "ఎఫ్‌ఓవీ, వస్తువుల విలువ మీద 3 శాతం" అని ఇంకో లైను కూడా ఉంది. 30న సామాను ఎత్తి, ఆ రాత్రి వాళ్ల గోడౌన్‌లో ఉంచి, 1న బయల్దేరదీసి, 2న ఇస్తామంటున్నారు. "ఒక్క రాత్రే కదండీ, ఏం భయం లేదు" అన్నారు. ఫ్రిజ్, టీవీ, బీరువా, రెండు పరుపులు, ఇన్వర్టర్, ఓ ముప్పై అట్టపెట్టెలు ఉంటాయి. ఆ ఒక్క రాత్రి గురించి అడ్వాన్స్ ఇచ్చే ముందే ఏమేం తేల్చుకోవాలి?

జవాబు 1: ఆటోనగర్_లోడింగ్

మీ తేదీల ప్రకారం చూస్తే అసలు మీకు గోడౌనే అక్కర్లేదండీ. 30 సాయంత్రం 5కి లోడింగ్ అయితే హైదరాబాద్ నుంచి కర్నూలు, అనంతపురం మీదుగా బెంగళూరు సుమారు 570 కిలోమీటర్లు. లోడుతో ఉన్న బండి, మధ్యలో ఆగేవి కలుపుకుని గంటకు సగటున 40 వేసుకున్నా 14, 15 గంటలు. 1వ తేదీ ఉదయం 8 గంటల ప్రాంతంలో ఊరి పొలిమేరకు చేరుతుంది. పగలు కొన్ని గంటలు భారీ వాహనాలకు నో ఎంట్రీ ఉంటుంది కాబట్టి గేటు దగ్గరికి వచ్చేసరికి 11 అనుకోండి. ఆ రాత్రి మీ సామాను గోడౌన్‌లో కాదు, రోడ్డు మీద ప్రయాణంలో ఉండాలి.

మరి గోడౌన్ ఎందుకంటున్నారు? చాలావరకు అది పార్ట్ లోడ్. మీ ఇంటికి టాటా ఏస్‌లో గానీ బొలెరో పికప్‌లో గానీ వచ్చి (ఒక్కో ట్రిప్పు సరిపోక రెండు కూడా కావచ్చు) సామాను గోడౌన్‌లో దించుతారు. బెంగళూరు వెళ్లే మరో రెండు మూడు ఇళ్ల సామానుతో కలిపి మర్నాడు పెద్ద లారీలో ఎక్కిస్తారు. మీకిచ్చే సౌకర్యంలా చెబుతున్నారు గానీ అది వాళ్ల లారీ నిండడం కోసం చేసే ఏర్పాటు. తప్పేం కాదు, ధర తగ్గేది అందుకే. కాకపోతే ఆ సంగతి తెలిసి ఒప్పుకోవాలి. ఇంటి దగ్గర ఒకసారి ఎక్కించి, అక్కడ ఒకసారి దించేదానికి ఇంకో దింపుడు, ఇంకో ఎక్కింపు తోడవుతాయి. గాజు పగిలే, బీరువా కాళ్లు వంగే ప్రమాదం ఈ దింపుడు ఎక్కింపుల్లో ఎక్కువ.

కాబట్టి మొదటి ప్రశ్న: "మా ఇంటి దగ్గర ఎక్కించిన బండే వైట్‌ఫీల్డ్ గేటు దగ్గరికి వస్తుందా?" అవునంటే బండి నంబరు బిల్టీ (రవాణా రసీదు) మీద రాయమనండి. కాదంటే అది పార్ట్ లోడే. మీ సామానుకు 14 అడుగుల బండి సరిపోవాలి. అదే సామానుకు ఫుల్ లోడ్ (బండి మొత్తం మీకే) ధర కూడా అడిగి, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

ఫుల్ లోడ్ తీసుకున్నా రెండో ప్రశ్న ఉంది. ఆ సామాను నలుగురు హమాలీలు దించి, లిఫ్టులో చేర్చడానికి రెండున్నర, మూడు గంటలు పడుతుంది. మధ్యాహ్నం 2 లోపు బండి గేటు దాటకపోతే 5 గంటలకు సగం సామాను కిందే ఉండిపోతుంది. అప్పుడు బండి రాత్రికి ఆగాలి. ఆ రాత్రి హాల్టింగ్ చార్జీ ఎంత, ఆలస్యం వాళ్లదైతే ఎవరు భరించాలి అన్నది ఇప్పుడే అంకెలతో రాయించుకోండి. ఆ గొడవ సగం సామాను కింద ఉండగా మొదలైతే బేరమంతా వాళ్ల చేతిలోకి పోతుంది.

జవాబు 2: ట్రాన్సిట్_సర్వే

పైన చెప్పినదానికి ఇన్సూరెన్స్ వైపు నుంచి కలుపుతున్నాను, ఎందుకంటే ఆ "ఎఫ్‌ఓవీ 3 శాతం" లైనే నాకు ఎక్కువ ఆందోళనగా ఉంది.

ఎఫ్‌ఓవీ (ఫ్రైట్ ఆన్ వాల్యూ) ఇన్సూరెన్స్ కాదు. నష్టమొస్తే మేం చూసుకుంటామని ప్యాకర్స్ వాళ్లు ఇచ్చే హామీకి తీసుకునే డబ్బు. వెనక బీమా కంపెనీ ఉండొచ్చు, ఉండకపోవచ్చు. అడగాల్సింది ఇది: పాలసీ ఏ కంపెనీది, పాలసీ నంబరెంత, మీ పేరుతో సర్టిఫికెట్ లోడింగ్‌కు ముందే ఇస్తారా? పేపర్ చేతికొచ్చాక అందులో ఏ క్లాజు ఉందో చూడండి. ఇన్‌లాండ్ ట్రాన్సిట్ క్లాజుల్లో (దేశం లోపలి రవాణా బీమా షరతులు) "ఏ" అంటే ఆల్ రిస్క్, మినహాయింపులు పోను అన్ని రకాల నష్టాలకూ వర్తిస్తుంది. "బి" అయితే అగ్నిప్రమాదం, ఢీకొనడం, బోల్తా పడడం లాంటి కొన్నిటికే పరిమితం, "సి" ఇంకా తక్కువ. హమాలీ చేతిలోంచి జారి టీవీ పగిలితే వాటిలో పైసా రాదు.

రాత్రి నిల్వకీ దీనికీ సంబంధం ఏమిటంటే, క్లాజు "ఏ"లో కవరేజీ మామూలు ప్రయాణ క్రమం సాగినంతసేపే నడుస్తుంది. డ్రైవర్ దారిలో రాత్రి బండి ఆపి పడుకోవడం అందులో భాగమే. ఆనవాయితీగా జరిగే బండి మార్పిడి కూడా అందులోకే వస్తుంది. కానీ తాళాలు ఆలస్యమయ్యాయని మీరే కోరి సామాను గోడౌన్‌లో దింపిస్తే అది ప్రయాణం కాదు, నిల్వ. ఆ రాత్రి కవరేజీ లేదని క్లెయిమ్ తిప్పికొట్టే అవకాశం ఉంది. అందుకే "గోడౌన్‌లో ఉన్న గంటలకు కూడా కవరేజీ ఉందా? ఆ చిరునామా సర్టిఫికెట్‌లో రాస్తారా?" అని మెయిల్లో అడగండి. ఫోన్లో చెప్పే మాటలు నీటి మూటలే.

విలువ తగ్గించి రాస్తే ప్రీమియం తగ్గుతుంది గానీ అసలుకే మోసం. 4 లక్షల సామానుకు 2 లక్షలే రాశారనుకోండి, 40,000 నష్టం జరిగితే లెక్క 20,000 మీద ఆగుతుంది. మీరే సర్ది అంటించిన పెట్టెల్లో పగిలినవాటికీ, పైకి దెబ్బ కనపడకుండా లోపల పాడైన ఫ్రిజ్, టీవీలకీ మినహాయింపు ఉంటుందేమో చూసుకోండి. చాలా పాలసీల్లో ఉంటుంది.

బీమా లేకపోయినా చట్టం ఉంది. క్యారేజ్ బై రోడ్ చట్టం, 2007 కింద రవాణాదారు బాధ్యత మామూలుగా కిరాయికి పదింతలు, అదీ మీరు ప్రకటించిన విలువకు మించకుండా. ఇక్కడో మెలిక ఉంది. బిల్లులో కిరాయి 15,000, ప్యాకింగ్ 13,000 అని విడదీస్తే పదింతలు 15,000 మీదే లెక్కేస్తారు. 2,80,000 అనుకున్నది 1,50,000 అయిపోతుంది. ఎక్కువ విలువ ప్రకటించి ఎక్కువ రేటు కట్టే వీలు అదే చట్టంలో ఉంది, అడగండి. దావా వేయాలంటే మాత్రం బుకింగ్ తేదీ నుంచి 180 రోజుల్లోపు రాతపూర్వక నోటీసు వాళ్లకు చేరి తీరాలి.

మియాపూర్_అద్దెదారు

ఇద్దరికీ ధన్యవాదాలు. అడిగాను. పార్ట్ లోడే అని ఒప్పుకున్నారు. ఫుల్ లోడ్ అయితే 11,000 ఎక్కువ. ఒకవేళ పార్ట్ లోడ్‌కే వెళ్తే గోడౌన్ గురించి ఏం చూడాలి? ఇన్వర్టర్ బ్యాటరీ, గ్యాస్ బండ సంగతి కూడా చెప్పండి.

జవాబు 3: గోడౌన్_కీపర్_ఉప్పల్

ఫోన్లో అడిగేకన్నా వెళ్లి చూడడం మేలు. లొకేషన్ పంపమంటే తటపటాయించే కంపెనీకి సొంత గోడౌన్ లేదనే అనుకోండి. సామాను ఏదో షట్టర్ కిందో, ఆఫీసు ముందు నిలిపిన బండిలోనో రాత్రంతా ఉంటుంది. అద్దె గోడౌన్ అయినా ఫర్వాలేదు, చిరునామా బిల్టీ మీద ఉండాలి.

లోపలికి వెళ్లాక ముందు నేల చూడండి. సామాను నేరుగా గచ్చు మీద పెడుతున్నారా, చెక్క ప్యాలెట్ల మీదా? నాలుగైదు అంగుళాల ఎత్తున్నా చాలు, షట్టర్ కింద నుంచి వాన నీళ్లు వచ్చినా అట్టపెట్టెల అడుగులు నానవు. అడుగు నానిన పెట్టె పొద్దున్న ఎత్తగానే ఊడిపోతుంది, లోపలి గిన్నెలన్నీ కింద. గోడల మూలల్లో ఎలుక పెంటికలు ఉన్నాయా చూడండి. ఎలుక ఒక్క రాత్రిలో పరుపు కవరు కొరికేస్తుంది, కాబట్టి బియ్యం, పప్పు, ఊరగాయలు, తినేవి ఏవీ సామానుతో పంపకండి. వాటి వాసనకే ఎలుకలు మీ పెట్టె దగ్గరికి వస్తాయి.

ఆ తర్వాత అడగాల్సింది: మీ సామాను విడిగా ఉంటుందా, వేరేవాళ్ల దానితో కలుస్తుందా? కలిసేట్టయితే ప్రతి పెట్టె మీదా మీ పేరు, ఊరు, "12/34" లాగా వరుస సంఖ్య రెండు పక్కల రాయాలి. పై మూత మీద మాత్రమే రాస్తే ఒకదాని మీద ఒకటి పేర్చగానే కనపడదు. రాత్రి ఎవరు కాపలా, సీసీ కెమెరా ఫుటేజీ ఎన్ని రోజులు ఉంటుంది, తాళం ఎంతమంది దగ్గర ఉంటుంది అన్నవి కూడా అడగండి. ఇబ్బంది పడకుండా టకటకా జవాబిస్తే మంచి గుర్తే.

లారీ నిండకపోతే ఒక రాత్రి కాస్తా మూడవుతుంది. అది మీ ఖర్చు కాకూడదు. "నిల్వ చార్జీ లేదు, డెలివరీ ఫలానా తేదీ దాటితే రోజుకు ఇంత తగ్గింపు" అని రాయించండి. కొన్నిచోట్ల ఒక్క రోజున్నా నెల అద్దె లెక్కేస్తారు.

జాబితా విషయంలో గట్టిగా ఉండండి. సూపర్‌వైజర్ చకచకా ప్రతి వస్తువు పక్కన "పాతది, గీతలున్నాయి" అని రాసుకుపోతాడు. సంతకం పెట్టారో, ఆ రాత్రి ఏం జరిగినా అది ముందు నుంచీ ఉన్న గీతే అయిపోతుంది. గీత లేనిచోట ఆ మాట కొట్టించి, పక్కన పొడి అక్షరాలు వేయించండి. టీవీ ఆన్ చేసి స్క్రీన్ వెలుగుతుండగా, వెనక సీరియల్ నంబరు కనిపించేలా ఒక వీడియో తీసి వాళ్ల నంబరుకే వాట్సాప్ చేయండి. తేదీ, సమయం దానంతటదే నమోదవుతుంది.

జవాబు 4: ఆటోనగర్_లోడింగ్

11,000 తేడాకు నేనైతే ఫుల్ లోడే చెబుతాను. టీవీ, ఫ్రిజ్, గాజు ఉన్న ఇల్లు. అలా వెళ్తే కంటైనర్ బండి అడగండి. లోడింగ్‌కు ముందు పగటి వెలుగులో ఒక మనిషిని లోపల ఉంచి తలుపులు మూయించండి. ఎక్కడైనా వెలుతురు చుక్క కనిపిస్తే అక్కడ నీళ్లు కూడా వస్తాయి. తలుపు గడియ బోల్టుల నట్లు బయటి వైపు ఉంటే తాళం, సీలు ముట్టుకోకుండానే గడియ మొత్తం విప్పేయొచ్చు. నట్లు లోపలి వైపు ఉండాలి, లేదా వెల్డింగ్ చేసి ఉండాలి. మీ సొంత తాళం వేసి, దానికి తోడు నంబరున్న సీలు వేయించి, ఆ నంబరు బిల్టీ మీద రాయించి ఫోటో తీసుకోండి. వైట్‌ఫీల్డ్‌లో అదే నంబరు చూశాకే తెంపనివ్వాలి.

ఓపెన్ బాడీ అయితే టార్పాలిన్ పట్టా మధ్యలో తాడో వెదురో ఎత్తి కట్టాలి. సమంగా పరిస్తే వాన నీళ్లు గుంటలో నిలిచి, బండి ఆగి ఉన్న రాత్రంతా చుక్కచుక్కగా కిందికి దిగుతాయి. అన్నిటికన్నా పైన ఉండేది పరుపే కాబట్టి తడిసేదీ అదే.

ఫ్రిజ్‌ను 24 గంటల ముందే ఆపి, మంచు కరిగించి, వెనక ట్రేలో నీళ్లు పారబోసి నిలువుగానే పెట్టించండి. అక్కడ దించాక నాలుగైదు గంటలు ఆగి ప్లగ్గు పెట్టండి.

ఇన్వర్టర్ బ్యాటరీ లెడ్ యాసిడ్‌ది అయితే చాలా బరువుంటుంది. రెండు టెర్మినల్స్ వైర్లూ తీసి, ఒక్కోదానికి విడిగా టేపు చుట్టి, మూతలు బిగించి, బండి వెనక చివర నేల మీద నిటారుగా పెట్టాలి. ఇనప బీరువాకు ఆనకూడదు, దాని మీద ఏదీ పెట్టకూడదు. పక్కకు ఒరిగితే కారిన యాసిడ్ కింద ఏది ఉంటే దాన్ని తినేస్తుంది.

గ్యాస్ బండ ఖాళీదైనా సరే బండి ఎక్కించకూడదు. సబ్‌స్క్రిప్షన్ వోచర్ (కనెక్షన్ తీసుకున్నప్పుడు ఇచ్చిన కాగితం) వెంట తీసుకెళ్లి బండ, రెగ్యులేటర్ మీ డిస్ట్రిబ్యూటర్‌కు అప్పగిస్తే డిపాజిట్ తిరిగిచ్చి టర్మినేషన్ వోచర్ ఇస్తారు. దాంతో బెంగళూరులో మళ్లీ కనెక్షన్ తీసుకోవచ్చు. ఈ పని 30వ తేదీకి పెట్టుకోకండి, రెండు రోజుల ముందే ముగించండి.

జవాబు 5: ట్రాన్సిట్_సర్వే

ఒకటి మిగిలిపోయింది. డబ్బంతా లోడింగ్ రోజే ఇవ్వకండి. కొంత భాగం దించాక ఇస్తామని కొటేషన్‌లోనే ఉండాలి. అడ్వాన్స్ పంపే యూపీఐ ఖాతా పేరు, కొటేషన్ మీది జీఎస్టీ నంబరుకు పోర్టల్‌లో కనిపించే పేరు ఒకటేనా చూడండి. దారిలో ఆపి "ఇంకో పది వేలిస్తేనే దించుతాం" అనేవాళ్లలో ఎక్కువమంది దగ్గర ఈ పేర్లు కలవవు. వాడిన ఇంటి సామానుకు ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు జీఎస్టీ కింద తీసే ఆన్‌లైన్ పత్రం) అక్కర్లేదు కాబట్టి "చెక్‌పోస్టులో పట్టుకున్నారు, బిల్లు లేదని ఫైన్ పడింది, కట్టండి" అంటే నమ్మకండి. వాడిన గృహోపకరణాలు, అమ్మకానికి కాదు అని మీ సంతకంతో జాబితా కాపీ ఒకటి డ్రైవర్ దగ్గర ఉంచితే చాలు. అప్పటికీ సామాను ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. బిల్టీ, వాట్సాప్ సందేశాలతో స్థానిక పోలీస్ స్టేషన్‌కూ వెళ్లండి.

అక్కడ డెలివరీ కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు, తడిసిన పెట్టె, వంగిన మూల, తెగిన టేపు, ఏది కనిపించినా సంతకం పైనే చేత్తో రాయండి. పెట్టెలన్నీ విప్పి చూసే టైం ఇవ్వరు కాబట్టి "లోపలి వస్తువులు ఇంకా చూడలేదు" అన్న మాట కూడా చేర్చండి. తర్వాత రెండు మూడు రోజుల్లో అన్నీ విప్పి చూసి, పగిలినవాటి ఫోటోలు మెయిల్ చేయండి. బీమా కంపెనీ సర్వేయర్ చూసేదాకా పగిలిన వస్తువునూ దాని పెట్టెనూ పారేయకండి.