అసంపూర్తి ఆత్మకథను వేరొకరు పూర్తి చేయవచ్చా?

తుంగతీరం: కర్నూలులో చిన్న ప్రచురణ సంస్థ నడుపుతున్నాను. శ్రీశైలం ముంపులో ఊరు పోగొట్టుకున్న ఒక ఉపాధ్యాయుడి ఆత్మకథ చదువుతున్నాను. ఆయన ఈమధ్యే కన్నుమూశారు. మొత్తం ఆరు నోటు పుస్తకాలు. చివరిదానిలో సిరా పోయి పెన్సిలు వచ్చింది, అక్షరాలు గీత దిగిపోయాయి. 1981లో ఊరు వదిలిన రోజు దగ్గర "అమ్మ రోలు మాత్రం" అని ఆగిపోయింది. మిగిలినది ఎవరిచేతనైనా రాయించమని పిల్లలు అడుగుతున్నారు. మీరేమంటారు?

పద్యప్రియుడు: రాయించండి. నన్నయ వదిలిన అరణ్యపర్వాన్ని ఎర్రన పూరించలేదా? అదీ నన్నయే చెప్పినట్టు, రాజరాజనరేంద్రుడి పేరిటే.

సంగమేశ్వరం: భారతకథ లోకానికంతా తెలుసు. ఆ రోలు ఏమైందో ఆయనకొక్కరికే తెలుసు. ప్రకాశం పంతులు 'నా జీవిత యాత్ర' నాలుగో భాగం రాసింది తెన్నేటి విశ్వనాథం. అందులో దాపరికం లేదు.

గడియారస్తంభం: ముందు ఆ పెన్సిలు పేజీలను స్కాన్ చేయించండి. చెరిగిపోతాయి.

పద్యప్రియుడు: నన్నయ చివరి పద్యం 'శారదరాత్రులు' తర్వాత అతుకు ఎక్కడుందో చూపించండి, అప్పుడు మాట్లాడదాం.

సంగమేశ్వరం: మళ్లీ అదే పద్యమా? చనిపోయిన మనిషి నోట్లో మాటలు పెట్టడం గురించి అడుగుతున్నాను. దానికి జవాబు చెప్పండి!

తుంగతీరం: ఇక చెప్పక తప్పదు. వాళ్లు రాయించమన్నది చివరి రెండు పేజీలు. తీసేయమన్నవి పదకొండు. నష్టపరిహారం సొమ్ములో తనకూ చెల్లెలికీ ఎంత ముట్టిందో ఆయన లెక్కతో సహా రాశారు. పెదనాన్న ఇంటితో ఇప్పుడు మళ్లీ రాకపోకలున్నాయట.

పద్యప్రియుడు: అయితే తీసేయండి. మాదీ ముంపు ఊరే. మా నాన్న ఇంటికి పెద్దకొడుకు. ఆ డబ్బుతోనే అందరికీ గూడు కట్టించాడు. అయినా దొంగ అనిపించుకున్నాడు. జవాబు చెప్పడానికి ఇప్పుడు ఆయన లేడు.

సంగమేశ్వరం: మా అమ్మ ఆ ఇంటి ఆడపిల్ల లాంటిదే. వేలిముద్ర వేయించుకున్నారు, ఎంత వచ్చిందో చెప్పలేదు. ఎండాకాలంలో నీళ్లు తగ్గి సంగమేశ్వరుడి గుడి బయటపడినప్పుడల్లా వెళ్లి దండం పెట్టుకుని, మా ఊరు ఉన్న దిక్కుకు తిరిగి నిలబడేది. ఆమెకు రాయడం రాదు. ఆ పదకొండు పేజీలు తీస్తే ఆ పుస్తకం ఎందుకు?

గడియారస్తంభం: రచయిత పోయాక 60 ఏళ్ల వరకు హక్కు వారసులదే. వాళ్లు కాదంటే మీరు అచ్చు వేయలేరు.

తుంగతీరం: తెలుసు. అందుకే రేపు నోటు పుస్తకాలు తీసుకుని వాళ్లింటికి వెళ్తున్నాను.

పద్యప్రియుడు: ఆ పేజీల్లో పెద్దాయన పేరు ఉందా?

తుంగతీరం: లేదండీ. అన్నిచోట్లా "మా అన్నయ్య" అనే ఉంది.