గ్రేవీ జీబ్రా: జూలో ఉంటే బతికినట్టేనా?

పటమట టీచరమ్మ:
మా ఏడో తరగతి పిల్లలకి డిబేట్ పెట్టాను. అంతరించే జంతువుని జూలో పెంచితే కాపాడినట్టేనా అని. గ్రేవీ జీబ్రా పేరు చెప్పగానే ఒకడు లేచి "కూరలో గ్రేవీనా టీచర్?" అన్నాడు. కాదురా, అబిసీనియా (ఇప్పటి ఇథియోపియా) నుంచి మెనెలిక్ రాజు ఫ్రాన్స్ అధ్యక్షుడు జూల్ గ్రేవీకి బహుమతిగా పంపిన జీబ్రా వల్ల 1882లో వచ్చిన పేరు అని చెప్పాను. 1970ల చివర 15,000 దాకా ఉండేవి. ఇప్పుడు మూడు వేలు లేవు, అవీ దాదాపు అన్నీ కెన్యాలోనే. అందుకే నాది జూల పక్షం. మీరేమంటారు?

లాం రోడ్డు రైతుబిడ్డ:
టీచరు గారూ, మన ఒంగోలు జాతినే చూడండి. బ్రెజిల్‌లో నెలోర్ పేరుతో కోట్లలో ఉంది. ఇక్కడ మా లాం ఫారంలో జాతి నిలబెడుతున్నారు, సంతోషమే. కానీ మా వీధిలో ఒంగోలు ఆవు కట్టేసిన కొట్టం ఒక్కటి చూపించండి! ఎక్కడో ఉంటే ఇక్కడ ఉన్నట్టు కాదు.

కృష్ణలంక కుర్రాడు:
క్వాగా కథ మర్చిపోయారా మేడమ్? అదీ ఒక రకం జీబ్రానే. చివరిది చచ్చింది ఆమ్‌స్టర్‌డామ్ జూలోనే, 1883లో.

పటమట టీచరమ్మ:
బాబూ, ఆ రోజుల్లో జూలకి అదే చివరిదని కూడా తెలియదు. ఇప్పుడు ఏ మగదాన్ని ఏ ఆడదానితో కలపాలో వంశవృక్షం చూసి మరీ కలుపుతున్నారు. మంగోలియా అడవి గుర్రం, ప్రజెవాల్‌స్కీ, బయట పూర్తిగా పోయింది. జూల్లో మిగిలిన డజను గుర్రాల సంతానమే 1992 నుంచి మళ్ళీ ఆ మైదానాల్లో మేస్తోంది. ఇంకోటి వినండి. 2005-06లో కెన్యా సంబురు ప్రాంతంలో ఆంత్రాక్స్ వచ్చింది, మన వాళ్ళు దొమ్మరోగం అంటారే, అది. జీబ్రాలు పదుల్లో చచ్చాయి, టీకాలు వేయాల్సి వచ్చింది. గుడ్లన్నీ ఒకే బుట్టలో పెడతామా?

లాం రోడ్డు రైతుబిడ్డ:
ఒప్పుకుంటా. విత్తనం దాచుకోవడం తప్పని నేననలేదు, విత్తనాన్నే పంట అనకండి అంటున్నా. కచ్ రణ్‌లో అడవి గాడిదలు 1960ల్లో కొన్ని వందలకి పడిపోతే, 2020 లెక్కకి ఆరు వేలు దాటాయి. ఉన్న చోటే కాపాడారు. జీబ్రా అసలు కష్టం నీళ్ళు. పాలిచ్చే తల్లికి రోజూ కాకపోయినా రోజు విడిచి రోజైనా నీళ్ళు కావాలి. పగలంతా చెలమల దగ్గర పశువులు, జీబ్రాలు రాత్రి వస్తే సింహాలు. పశువులవాణ్ణి తిట్టి లాభం లేదు, కరువులో వాడి ఆవుకీ అవే నీళ్ళు. అందుకే సంబురు కాపరులనే కాపలాకి పెట్టుకుని జీతాలిస్తున్నారు. నా చేతిలో పది రూపాయలుంటే ఎనిమిది అక్కడికే.

కృష్ణలంక కుర్రాడు:
మిగతా రెండు జూకా అన్నా? అయితే టీచర్ గారితో గొడవేముంది!

పటమట టీచరమ్మ:
గొడవ ఆ ఎనిమిది దగ్గరే. నేనైతే ఆరు ఇస్తాను. రేపు క్లాసులో పిల్లల చేతికి పది రూపాయలిచ్చి పంచమంటాను, చూద్దాం.