పర్సెల్ పాటలో బాస్ (కింది స్వరాల వరస) నా గొంతును లాగేస్తోంది, ఏం చేయాలి?

కాజీపేట పాటగత్తె:
చర్చి క్వయర్‌లో ఇరవై ఏళ్లుగా పాడుతున్నాను, కర్ణాటకం కూడా వర్ణాల దాకా నేర్చుకున్నాను. ఇప్పుడు ఇంగ్లీషు స్వరకర్త హెన్రీ పర్సెల్ ఆపెరా (పాటలతో నడిచే నాటకం) 'డైడో అండ్ ఈనియస్' చివర్లో డైడో చనిపోయే ముందు పాడే పాట పట్టుకున్నాను. 1689 నాటికే లండన్ చెల్సీలో ఒక ఆడపిల్లల బడిలో ఆడిన ఆపెరా కదా, మరీ కష్టంగా ఉండదులే అనుకున్నాను. తప్పయింది! తమ్ముడు కీబోర్డు మీద ఎడమచేత్తో బాస్ వాయిస్తాడు. ఒకటే వరస, మళ్లీ మళ్లీ. రెండోసారి వచ్చేసరికి నా గొంతు కూడా దాని వెంటే కిందికి జారిపోతుంది. వాడు ముగించిన చోటే నేనూ ముగించేస్తున్నాను. క్రిస్మస్ తర్వాత పాడాలి, టెన్షన్‌గా ఉంది.

హార్మోనియం పెట్టె:
అక్కా, ఆ బాస్‌ను స్వరాల్లో రాసుకోండి. పైషడ్జం నుంచి ఒక్క మెట్టు కూడా వదలకుండా పంచమానికి దిగుతుంది: స, కాకలి ని, కైశికి ని, చతుశ్రుతి ద, శుద్ధ ద, ప. తర్వాత మళ్లీ షడ్జానికి చేరుతుంది. మొత్తం 5 బార్లు (మన ఆవర్తాల్లాంటివి), బారుకు 3 దెబ్బలు. నాలుగు బార్లకు అలవాటుపడ్డ చెవికి ఆ అయిదోది ఎప్పుడూ ఎక్కువే అనిపిస్తుంది. ఇలా 11 సార్లు తిరుగుతుంది. చాలాచోట్ల వరస ముగిసేసరికి పాట ఇంకా నడుమనే ఉంటుంది. ముందు రాగం లేకుండా, 15 దెబ్బలు వేసుకుంటూ మాటలు మాత్రమే చెప్పి చూడండి. నాకు వారం పట్టింది.

హసన్‌పర్తి కోడలు:
లెక్కలు సరే గానీ, మన ఊళ్లో చావు చూడలేదా వదినా? ముందు డప్పు పోతుంటుంది, వెనక ఆడవాళ్లు శోకం తీస్తుంటారు. డప్పు దెబ్బ ఆగిందని ఎవరైనా ఏడుపు ఆపుతారా? తమ్ముడిని డప్పు అనుకోండి.

పాత పుస్తకాల పిచ్చోడు:
కొంచెం పక్కకు పోతున్నా. నలుగురు కలిసి పాడే అలవాటున్నవాళ్లు పర్సెల్ కన్నా ముందటి ఇంగ్లీషు స్వరకర్త జాన్ డౌలండ్ 1597 నాటి మొదటి పాటల పుస్తకం ఒకసారి చూడండి. ఒక్క పుస్తకాన్నే బల్ల మీద తెరిచి, చుట్టూ కూర్చున్నవాళ్లు చదువుకునేలా గొంతుల వరసలను ఒక్కో వైపు తిప్పి అచ్చువేశారు. జిరాక్స్‌ల గొడవే లేదు.

కాజీపేట పాటగత్తె:
అందరికీ థాంక్స్. డప్పు మాట పనిచేసింది. మా నాయనమ్మ పోయిన రోజు చిన్నమ్మ శోకం గుర్తొచ్చింది, ఆమె నిజంగానే డప్పును పట్టించుకోలేదు. నిన్న కూర్చుంటే ఇంకోటి కనిపించింది. పాటలో 'రిమెంబర్ మీ' (నన్ను గుర్తుంచుకో) అనే మాటల దగ్గర బాస్ పంచమం వైపు దిగుతూ ఉంటే, నేను అప్పటికే పైపంచమం మీద కదలకుండా నిలబడాలి. తర్వాత ఒకచోట తారాషడ్జం తాకాలి. జారకుండా పాడాను. ఈసారి లెక్క తప్పింది తమ్ముడు, 11 వరసలు పోయి 12 అయ్యాయి!