వేసవికి తేలికైన క్రోషే టాప్: ఏ దారం, ఏ అల్లిక?

ప్రశ్న (విజయవాడ నుంచి)

అందరికీ నమస్కారం. బల్లగుడ్డలు, గుమ్మానికి వేలాడదీసే లేసు అంచులు, పసిపిల్లల టోపీలు అల్లడం నాకు బాగా అలవాటే గానీ, ఒంటిమీద వేసుకునే బట్టను క్రోషేతో, అంటే కొక్కెం సూదితో, ఇంతవరకు అల్లలేదు. ఈ వేసవికి పొట్టి చేతుల టాప్ ఒకటి అల్లుకోవాలని ఉంది. మా ఊళ్లో మే నెల ఎలా ఉంటుందో తెలిసినవారికి వేరే చెప్పనక్కరలేదు. ఎండ ఒక ఎత్తయితే ఉక్కపోత ఇంకొక ఎత్తు. కాబట్టి ఒంటికి అంటుకోకుండా, గాలి ఆడుతూ, భుజాల మీద బరువు తెలియకుండా ఉండటమే నాకు అన్నిటికన్నా ముఖ్యం.

దుకాణంలో నాలుగు రకాలు చూపించారు: నాలుగు పోగుల సన్న నూలు, మెరుపుండే 20 నంబరు మెర్సరైజ్డ్ దారం, వెదురు కలిసిన నూలు, బేబీ ఊలు అనే పేరుతో అమ్మే అక్రిలిక్. వీటిలో ఏది తీసుకోవాలి, దానికి ఎంత సూది వాడాలి, ఏ అల్లిక వేస్తే బట్ట బిరుసుగా నిలబడకుండా జారుగా పడుతుంది అన్నవి నా సందేహాలు. దారం ఎంత పడుతుందో ముందే లెక్క వేసుకునే దారి ఉంటే అది కూడా చెప్పండి. మధ్యలో అయిపోతే అదే రంగు మళ్లీ దొరకదేమోనని నా భయం. నా ఛాతీ చుట్టుకొలత 36 అంగుళాలు. లోపల స్లిప్ వేసుకుంటాను గనుక అల్లికలో సందులున్నా ఇబ్బంది లేదు.

సమాధానం (హైదరాబాద్ నుంచి)

ముందుగా బేబీ ఊలును పక్కన పెట్టేయండి. అక్రిలిక్ చేతికి తేలికగానే ఉంటుంది గానీ చెమటను దాదాపు పీల్చదు. ఉక్కపోతలో ఆ తడి అంతా ఒంటిమీదే నిలిచిపోతుంది. నూలు చెమటను పీల్చుకుని గాలికి వదిలేస్తుంది. అయితే నూలుతో అల్లేవారు దాని రెండు గుణాలను గుర్తుంచుకుని పని మొదలుపెట్టాలి. అదే మందం గల అక్రిలిక్ కంటే నూలు బరువెక్కువ. పైగా ఊలు లాగా సాగి మళ్లీ యథాస్థితికి వచ్చే గుణం దానికి లేదు. అందువల్ల దట్టంగా అల్లిన నూలు టాప్ తన బరువుకు తానే కిందికి దిగి, పొడవు పెరిగి, మెడ జారిపోతుంది. వెదురు కలిసిన నూలు మెత్తగా, చల్లగా తగులుతుంది, అందంగా జారుతుంది కూడా. కానీ వెదురు నుంచి తీసే విస్కోస్ తడిసినప్పుడు బలం తగ్గి ఇంకా ఎక్కువగా సాగుతుంది. మొదటి టాప్‌కు దాన్ని నేను సూచించను. నాలుగు పోగుల సన్న నూలే తీసుకోండి.

ఇక అసలు విషయం అల్లిక. తేలికదనం సగం దారంలో ఉంటే సగం అల్లికలో ఉంటుంది. డబుల్ క్రోషే వేయాలంటే దారాన్ని సూదికి చుట్టి, కింది కుట్టులోంచి లాగి, రెండేసి లూపుల్లోంచి రెండుసార్లు దాటించాలి. చైను కుట్టు ఒక్క లూపుతో దాదాపు అంతే వెడల్పును నింపుతుంది. కాబట్టి ఒక డబుల్ క్రోషే, రెండు చైన్లు, మళ్లీ ఒక డబుల్ క్రోషే అనే వల అల్లికలో కొద్దిపాటి దారంతోనే ఎక్కువ బట్ట వస్తుంది, గాలి ఆడే సందులూ ఆ చైన్ల కిందే ఏర్పడతాయి. ఒకే సందులో డబుల్ క్రోషే, చైను, డబుల్ క్రోషే వేసే ‘వి’ కుట్టు కూడా మంచిదే. సింగిల్ క్రోషే, అంటే సూదికి ముందుగా దారం చుట్టకుండా వేసే పొట్టి, దట్టమైన కుట్టును మాత్రం మెడకు, అంచులకు సరిపెట్టండి. సూదిని దారం చీటీ మీద రాసినదానికంటే అర మిల్లీమీటరు పెద్దది తీసుకోండి. ఈ నూలుకు 3.5 మిల్లీమీటర్లు బాగుంటుంది.

దారం లెక్క తేలికే, దయచేసి దీన్ని దాటవేయవద్దు. 15 సెంటీమీటర్ల చదరపు ముక్క అల్లి, ఉతికి, తడిగా ఉండగానే పై అంచును క్లిప్పులతో దండేనికి తగిలించండి. ఆరాక కొలిచి, గ్రాముల్లో చూపించే చిన్న కాటా మీద తూచండి. మీ చుట్టుకొలత దాదాపు 91 సెంటీమీటర్లు. వదులుకు 13 కలిపితే 104, అంటే ముందు భాగం 52, వెనుక భాగం 52. పొడవు 54 అనుకుంటే రెండు భాగాలూ కలిపి 5,616 చదరపు సెంటీమీటర్లు, అంటే అలాంటి ముక్కలు 25. ముక్క బరువు 7 గ్రాములైతే 175 గ్రాములు, చేతులకూ అంచులకూ ఎనిమిదో వంతు కలిపితే సుమారు 200 గ్రాములు. అదే ముక్క దట్టమైన అల్లికలో 13 గ్రాములు తూగితే చేతులు కలపకముందే 325 గ్రాములవుతుంది. భుజం మీద ఆ తేడా స్పష్టంగా తెలుస్తుంది. లెక్క తేలాక ఒక ఉండ అదనంగా, అన్నీ ఒకే లాటు నంబరువి, అంటే ఒకే విడతలో రంగు వేసినవి, కొనండి.

సమాధానం (నర్సాపురం దగ్గరి పల్లె నుంచి)

హైదరాబాద్ వారు చెప్పినదంతా సరైనదే గానీ, 20 నంబరు దారాన్ని అంత త్వరగా వదిలేయవద్దని నా మనవి. 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన మా నర్సాపురం లేసంతా సన్న నూలుదారం మీదే నడిచింది. నంబరు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. మెర్సరైజ్డ్ దారాన్ని క్షారంలో ముంచి బిగించి లాగుతారు గనుక బలం, మెరుపు వస్తాయి, రంగు బాగా పడుతుంది, నూగు లేవదు. చెమటపట్టే ఒంటికి నూగు లేకపోవడం ఎంత హాయిగా ఉంటుందో వేసుకుంటేనే తెలుస్తుంది. బల్లగుడ్డకు వాడే 1.25 సూదితో అల్లితే మాత్రం అట్టలా తయారవుతుంది. 1.75 లేదా 2 మిల్లీమీటర్ల సూది తీసుకుని చెయ్యి వదులుగా ఉంచండి.

మీకు బల్లగుడ్డలు అలవాటే కాబట్టి పువ్వులుగా అల్లి కలిపే పద్ధతి మీకు నప్పుతుందని నాకనిపిస్తోంది. మా వైపు పువ్వులు అల్లేవారు ఒకరు, అతుకుపని చేసేవారు ఒకరు ఉంటారు. బట్ట నాణ్యతంతా అతుకులోనే తెలిసిపోతుంది. పువ్వులను సూదీదారంతో కుట్టి కలపవద్దు, ఆ కుట్లు ఒంటికి గీరుకుంటాయి. చివరి చుట్టులో అయిదు చైన్ల వంపు వచ్చినప్పుడు రెండు చైన్లు వేసి, సూదిని పక్క పువ్వు వంపు కిందుగా దూర్చి, మూడో చైనుకు బదులు ఒక స్లిప్ స్టిచ్‌తో (దారాన్ని లాగి సూది మీది లూపులోంచి నేరుగా దాటించే కుట్టుతో) పట్టి, మిగిలిన రెండు చైన్లు పూర్తిచేయండి. అతుకు ఎక్కడుందో వెతికినా కనబడదు. కొలత కూడా పువ్వుల లెక్కలోనే తేలిపోతుంది: ఆరాక పువ్వు అడ్డంగా 6.5 సెంటీమీటర్లుంటే చుట్టూ 16 పువ్వులతో సరిగ్గా 104 వస్తుంది. ఓపిక ఎక్కువ కావాలన్నది నిజం. ఈ వేసవిలోనే వేసుకోవాలంటే వల అల్లిక పట్టండి, వచ్చే వేసవికైతే పువ్వులు మొదలుపెట్టండి.

సమాధానం (డాలస్ నుంచి)

ఇంటర్నెట్‌లో దొరికే నమూనా చూసి అల్లేటట్టయితే ఒక జాగ్రత్త. అమెరికా నమూనాల్లో సింగిల్ క్రోషే అనే కుట్టును బ్రిటిష్ నమూనాల్లో డబుల్ క్రోషే అంటారు. అమెరికా డబుల్ వారికి ట్రెబుల్. పైన హైదరాబాద్ వారు వాడినవి అమెరికా పేర్లు. బ్రిటిష్ పద్ధతిలో సింగిల్ క్రోషే అన్న పేరే లేదు కాబట్టి, నమూనాలో ఆ మాట కనబడితే అది అమెరికాదని గుర్తుపట్టవచ్చు. సూదులకు అక్షరాలు, అంకెలు రకరకాలుగా ఉంటాయి; మిల్లీమీటర్లు మాత్రమే నమ్మండి. ఇక్కడ వేసవి టాప్ పేరుతో వచ్చే నమూనాల్లో చాలావాటికి మందపాటి నూలు వాడతారు, ఇళ్లలోనూ ఆఫీసుల్లోనూ ఏసీ ఉంటుంది కనుక అది చెల్లుతుంది. మీరు ఫింగరింగ్ అని రాసి ఉన్న నమూనాలే చూడండి, నాలుగు పోగుల సన్న నూలుకు దగ్గరగా ఉండేది అదే.

మళ్లీ విజయవాడ నుంచి

ఇంత వివరంగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. నాలుగు పోగుల నూలుతో, 3.5 సూదితో వల అల్లిక ముక్క అల్లి చూశాను. అల్లినప్పుడు సరిగ్గా 15 సెంటీమీటర్ల చదరం. తగిలించి ఆరబెట్టాక పొడవు 16.5 అయింది, వెడల్పు 14.5కు తగ్గింది. బరువు 7 గ్రాములు. ఈ మార్పును కొలతల్లో ఎలా సర్దుకోవాలి? నాకు పడవ ఆకారపు వెడల్పు మెడ ఇష్టం, అది భుజాల మీద నుంచి జారకుండా ఏం చేయాలి?

సమాధానం (హైదరాబాద్ నుంచి)

మీ ముక్క చెప్పవలసినదంతా చెప్పింది. పొడవు పదో వంతు పెరుగుతోంది కాబట్టి 54 కావాలంటే 49 దగ్గర ఆపాలి. వెడల్పు తగ్గుతోంది కాబట్టి 52 కావాలంటే 54 అల్లాలి. అల్లుతున్నప్పుడు పొట్టిగా, వెడల్పుగా కనిపించి మనసు కొంచెం కలవరపడుతుంది, అయినా ముక్కనే నమ్మండి. మొదటి చైను వరుస బిగుసుకుంటే అడుగు అంచు లోపలికి ముడుచుకుంటుంది, ఆ ఒక్క వరుసకు 4 మిల్లీమీటర్ల సూది వాడండి.

టాప్ బరువంతా వేలాడేది భుజాల అతుకు మీద, మెడ వెనుక భాగం మీద. అక్కడ వల అల్లికను అలాగే వదిలేస్తే ఎంత మంచి కొలతయినా నిలవదు. భుజాల దగ్గర చివరి వరుసను చైన్లు లేకుండా నిండుగా అల్లి, రెండు భాగాలనూ స్లిప్ స్టిచ్‌తో కలపండి. అతుకు లోపలివైపు సన్నని నూలు నాడాను చేత్తో కుట్టేస్తే ఇక సాగదు. మెడ చుట్టూ 3 మిల్లీమీటర్ల సూదితో సింగిల్ క్రోషే ఒక చుట్టు వేసి, తొడుక్కుని చూడండి. ఇంకా వదులుగా అనిపిస్తే రెండో చుట్టులో ప్రతి ఎనిమిది కుట్లకు ఒకటి తగ్గించండి. తల దూరుతుందో లేదో చూసుకున్నాకే దారం తెంపండి.

సమాధానం (నర్సాపురం దగ్గరి పల్లె నుంచి)

ముదురు రంగు తీసుకుంటే, అల్లడానికి ముందే దారం ముక్కను తడిపి తెల్లగుడ్డలో నొక్కి చూడండమ్మా. రంగు దిగితే ఆ ఉండలు తిరిగి ఇచ్చేయడమే మేలు, ఎందుకంటే చెమటకు లోపలి స్లిప్ మీదికి ఎక్కుతుంది. లోపలి స్లిప్ తెల్లదానికంటే మీ ఒంటి రంగుకు దగ్గరగా ఉంటే అల్లిక బాగా కనబడుతుంది. ఉతికినప్పుడు పిండకుండా తువ్వాలులో చుట్టి నీళ్లు అద్దేసి, నీడలో నులకమంచం మీద పరిచి ఆరబెట్టండి, తర్వాత హ్యాంగరుకు తగిలించకుండా మడతపెట్టి బీరువాలో ఉంచండి.