ఓజోన్ మెషిన్‌తో కూరగాయల మీది పురుగుమందు పోతుందా?

కావలి కోడలు:
మా ఆయన నీళ్లలోకి ఓజోన్ అనే వాయువు వదిలి కూరగాయలు కడిగే మెషిన్ కొందామని వారం నుంచి ఒకటే పట్టు. నెల్లూరులో ఒక ఎగ్జిబిషన్‌లో చూశాడంట, టబ్బు నీళ్లలో టమాటాలు వేసి పైపు పెడితే పది నిమిషాల్లో గోధుమరంగు నురగ తేలిందంట, ఇన్నాళ్లూ మీ పిల్లలు తిన్న మందు ఇదేనని చెప్పారంట. అది విన్నప్పటి నుంచి నాకూ టెన్షన్‌గానే ఉంది, ఇంట్లో నాలుగేళ్ల పాప ఉంది. వాడినవాళ్లు చెప్పండి.

ఒంగోలు నుంచి:
కొనుక్కో అమ్మా. మేం ఏడాదిగా వాడుతున్నాం, కొత్తిమీర, పుదీనా ఇదివరకటి కంటే రెండు రోజులు ఎక్కువ నిలవుంటున్నాయి. అమెరికాలో ఆహారం, మందుల మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ కూడా ఆహారం మీద ఓజోన్ వాడొచ్చని 2001లోనే ఒప్పుకుంది. మందు మొత్తం పోకపోయినా సగం పోతే సగం మేలే కదా.

కెమిస్ట్రీ మాస్టారు, నెల్లూరు:
అన్నా, ఆ 2001 అనుమతి క్రిములను చంపడానికి ఇచ్చింది, పురుగుమందు తీసేయడానికి కాదు. మీ పుదీనా నిలవుంటోందంటే అందుకే, అది నిజమే. ఇక ఆ నురగ చూసి భయపడొద్దమ్మా. బుడగలు వదిలితే మట్టి, కాయ మీది మైనం, తొడిమ దగ్గర కారిన రసం అన్నీ పైకి వస్తాయి. మందు మిగిలేది కిలోకు మిల్లీగ్రాముల్లో, అది కంటికి కనబడదు.

ఓజోన్ కాయ పైన ఉన్నదాన్నే ముట్టుకుంటుంది. ఇమిడాక్లోప్రిడ్, ఎసిఫేట్ లాంటివి మొక్క లోపలికి ఎక్కే మందులు, కండలో ఉన్నదాన్ని ఏ నీళ్లూ కడగలేవు. ఇంకో సంగతి, క్లోర్‌పైరిఫాస్ అనే పురుగుమందు మీద ఓజోన్ పనిచేసినప్పుడు అది నేరుగా మాయం కాదు, మధ్యలో ఆక్సాన్ అనే రూపానికి మారుతుంది, అది అసలు మందుకన్నా విషం. ఓజోన్ చాలినంత, సమయం చాలినంత ఉంటే అదీ విరిగిపోతుంది, కానీ ఇంట్లో మెషిన్‌కి అంత శక్తి ఉందో లేదో ఎవరు కొలిచారు?

పైగా మన నీళ్లు. 20 డిగ్రీల నీళ్లలోనే ఓజోన్ ఇరవై నిమిషాలకు సగమైపోతుంది. రోహిణీ కార్తెలో మిద్దె మీది ట్యాంకు నీళ్లు చెయ్యి పెడితే కాలతాయి, ఆ వేడికి ఓజోన్ కరగడమే తక్కువ, కరగనిదంతా వంటింటి గాల్లోకే. జిరాక్స్ షాపులో వచ్చే ఘాటు వాసన లాంటిది వస్తే కిటికీ తీసి పాపను అవతలికి పంపండి, అది ఊపిరితిత్తులకు మంచిది కాదు.

ఒంగోలు నుంచి:
ఓజోన్‌తో మందు తగ్గిందని పరిశోధనలు ఉన్నాయి మాస్టారూ, లేవని అనకండి.

కెమిస్ట్రీ మాస్టారు, నెల్లూరు:
ఉన్నాయి, కాదనను. అవి ల్యాబులో ఓజోన్ ఎంతో కొలిచి చేసినవి. అలా చూస్తే వంట సోడా మీద కూడా ఉంది, 2017లో అమెరికాలోనే, లీటరుకు 10 గ్రాములు కలిపి యాపిల్స్‌ను 12 నుంచి 15 నిమిషాలు నానబెడితే పైనున్న రెండు రకాల మందులూ పోయాయి. తోలులోకి ఇంకింది మాత్రం మిగిలింది. సోడా ఖర్చెంత, మెషిన్ ఖర్చెంత?

కందుకూరు రైతు:
నేను బెండ వేస్తా, నా మాట కూడా వినండి. ఎమామెక్టిన్ అనే పురుగుమందు కొడితే 5 రోజులు ఆగి కొయ్యమని లేబుల్ మీద ఉంటుంది. బెండ రోజు మార్చి రోజు కొయ్యాలి, ఒక్క కోత ఆగితే ముదిరి పీచు కడుతుంది, వేలితో మొన విరిచి చూసి పక్కన పడేస్తారు. ఐదు రోజులంటే రెండు కోతలు పోయినట్టే, ఆ నష్టం ఎవరు భరిస్తారు? అందుకే చాలామంది సాయంత్రం కొట్టి పొద్దున కోస్తారు, తప్పేనని నాకూ తెలుసు. ఇప్పుడు నేను మందు కొట్టాల్సి వస్తే ముందు రోజు లేత కాయ కూడా వదలకుండా కోసేసి కొడతా, తర్వాత ముదిరినవి గేదెలకు కూడా వెయ్యకుండా పారేస్తా. ధర మాత్రం మార్కెట్‌లో అందరితో పాటే. మెషిన్‌కి పెట్టే డబ్బులో కిలోకు ఐదు రూపాయలు ఆగి కోసినవాడికి ఇచ్చే ఇల్లు ఉంటే చెప్పండి, నేను తెచ్చి ఇస్తా.

కావలి కోడలు:
అన్నా, మాది కావలి, వారానికి రెండు కిలోలు తీసుకుంటాం. మందు ఎప్పుడు కొట్టారో చెప్పి ఇస్తే చాలు, ముదిరిన కాయ ఒకటీ అరా ఉన్నా ఏరను. మాస్టారు చెప్పింది మా ఆయనకు చదివి వినిపించా, నురగ సంగతి ఇంకా నమ్మట్లేదు. పొద్దున మన పెరట్లో మందు కొట్టని టమాటాలు తీసుకెళ్లి అదే మెషిన్‌లో వెయ్యమన్నా.