‘కొండ యద్దమందు’: కొంచెమైయా, గొంచెమైయా?

ఎంవీపీ కాలనీ నుండి:
పెద్దలకు నమస్కారం. మా సర్వర్ గదిలో ఇంతవరకు ఇంగ్లీషులో ఉన్న పాచ్ (సాఫ్ట్‌వేర్‌కు వేసే అతుకు) నియమావళిని, రాత్రి డ్యూటీ కుర్రవాళ్లు తడుముకోకుండా చదువుకొనేందుకు, తెలుగులో రాస్తున్నాను. యంత్రం సోలారిస్ 10 నడిచే పాత స్పార్క్ సర్వర్. దానిలో బూట్ డిస్కులు, అంటే యంత్రం లేచే డిస్కులు, రెండు. ఒకదానిలో పడిన ప్రతి రాత రెండవదానిలోనూ అప్పటికప్పుడు పడుతుంది. పాచ్ వేసే ముందు రెండవదానిని విడదీసి పక్కన ఉంచుతాము, మొదటిదానికి పాచ్ వేస్తాము, అది పొసగకపోతే రెండవదానినుండి యంత్రాన్ని లేపుతాము. ఈ రెండవదానిని నేను ‘అద్దం’ అని రాస్తూ వచ్చాను. రాస్తున్నంతసేపూ వేమన ‘అనువుగాని చోట’ పద్యంలోని మూడవ పాదం నోట్లో ఆడుతోంది. ‘కొండ యద్దమందు’ వరకు సందేహం లేదు. ఆ తరువాత ‘కొంచెమై యుండదా’ అని చిన్నప్పుడు వల్లించినట్టు గుర్తు, కాని ఏదో అచ్చు ప్రతిలో ‘గొంచెమై’ అని చూసినట్టు కూడా గుర్తు. నియమావళి మొదటి పుటలో ఈ పాదం వేయాలని ఉంది. ఏది రాయమంటారు? పనిలో పనిగా, ‘అద్దం’ అనే మాట ఈ పనికి నిలుస్తుందా?

సీతమ్మధార నుండి:
‘గొంచెమై’ అనే రాయండి. ‘అందున్’ సప్తమి, ద్రుతాంతం, అంటే చివర నకారం ఉన్న మాట. దాని మీది పరుషానికి (ఇక్కడ ‘క’కు) సరళం (‘గ’) రావలసిందే. ‘అద్దమందుఁ గొంచెమై’ అని అరసున్నతో వేస్తే ఎవరూ వేలెత్తి చూపలేరు. అరసున్న చోట నిండు సున్న మాత్రం పెట్టకండి. పెడితే ‘మందు’ అనే గలం (గురువు, లఘువు) కాస్తా రెండు గురువులై మూడవ సూర్యగణం పోతుంది. ఇక ‘అద్దం’ అంటారా, యంత్రాల సంగతి నాకు తెలియదు కాని మాట మంచిదే.

పెదవాల్తేరు నుండి:
మాస్టారి వ్యాకరణానికి నమస్కరిస్తూనే ఒక మాట. యతి ఇక్కడ మనకు సాక్ష్యం చెప్పదు. పాదం మొదట ‘కొం’ ఉంది, నాలుగవ గణం మొదట ‘కొం’ ఉన్నా ‘గొం’ ఉన్నా మైత్రి చెల్లుతుంది. కాబట్టి పద్యం పుట్టినప్పుడు ఏ అక్షరం ఉన్నదో ఛందస్సు చెప్పలేదు, సూత్రం ఒక్కటే చెప్పగలదు. వేమన పద్యాలు సూత్రం చూసి పుట్టినవి కావు. బ్రౌను 1829లో అచ్చు వేయించేనాటికే ఈ పద్యాలు ఎన్ని నోళ్లు, ఎన్ని తాటాకులు తిరిగి వచ్చాయో ఆలోచించండి. సరళాలు దిద్దినది ఎక్కువగా పరిష్కర్తలూ పండితులూ అని నా అనుమానం. మా అమ్మమ్మ ‘కొండ అద్దమందు కొంచమై ఉండదా’ అని, యడాగమం కూడా లేకుండా, చక్కగా విరిచి చదివేది. ఆమె నోట ఆటవెలది ఎక్కడా కుంటలేదు.

గాజువాక నుండి:
మీరిద్దరూ ‘కొ’ దగ్గర ఆగిపోయారు, నాకు అంతకన్నా ‘కొంచెమై’ మీదే పేచీ ఉంది. నేనూ ఈ యంత్రాల మధ్యనే పాతికేళ్లు గడిపినవాడిని. పద్యంలో అద్దం కొండను చిన్నది చేసి చూపుతుంది. డిస్కుల జోడులో రెండవది చిన్నదైతే ఒప్పుకోరు; ఒకవేళ అసమానమైన రెండింటిని కలిపితే, మొత్తం జోడు కొలత చిన్నదాని కొలతే అవుతుంది, పెద్దదానిలో మిగిలిన చోటు జోడుకు అక్కరకు రాదు. అంటే ఇక్కడ అద్దం కొంచెమైతే కొండ కూడా కొంచెమై ఊరుకుంటుంది. వేమన చెప్పినదానికి ఇది నేరుగా అడ్డం. ‘చిన్నగా కనిపించినంత మాత్రాన కొండకు లోటు లేదు’ అని ఆయన అంటుంటే, మీ నియమావళి మొదటి పుటలో ఆ పాదం వేసి కుర్రవాళ్లకు ఏమి చెప్పబోతున్నారు?

సీతమ్మధార నుండి:
‘కొంచెమై’ అన్నచోట ‘ఐ’ని ‘మారి’ అనే అర్థంలో తీసుకోవడం వల్ల వచ్చిన చిక్కు ఇది. కొండ కొంచెముగా మారలేదు, కొంచెముగా ఉన్నది, అంతే. పై రెండు పాదాలలో చెప్పిన నీతికి ఇది దృష్టాంతం. చోటు అనువు కానప్పుడు తగ్గి ఉండడం కొదువ కాదు అనడానికి కొండను తెచ్చాడు కాని, అద్దం పని తీరు వివరించడానికి కాదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పక్షాన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు వేమన మీద చేసిన ఉపన్యాసాలు చదివినవారికి ఆ కవి పోలిక తెచ్చే తీరు వేరుగా చెప్పనక్కరలేదు. ఒక వస్తువును తెస్తాడు, ఒక్క దెబ్బ వేస్తాడు, వదిలేస్తాడు. దానిని పట్టుకొని లాగితే తెగేది పద్యం కాదు, మనమే.

పెదవాల్తేరు నుండి:
అద్దంలో కొండ చిన్నదవుతుందని ఎవరన్నారో గాని, మన ఆర్కే బీచ్‌లో అల వెనక్కి తగ్గిన క్షణాన తడి ఇసుకలో యారాడ కొండను చూడండి. కింద నీడ పైకొండకన్నా పొడుగ్గా, మెత్తగా సాగి ఉంటుంది. అల మళ్లీ రాకపోతే ఇసుక పొడారి నీడ దానంతటదే పోతుంది. ఎంవీపీ కాలనీ వారి రెండవ డిస్కు అలా పోయేది కాదు కదా? విడదీసిన తరువాత కూడా అది నిలిచి ఉంటుంది. ఆ లెక్కన అద్దం అనే పోలికే తప్పుతోంది.

ఎంవీపీ కాలనీ నుండి:
ఆ మాట దగ్గరకే వస్తున్నాను. నేను ఇంతకుముందు పనిచేసిన ఒక సంస్థలో, పేరు అనవసరం, షిఫ్టు పుస్తకం తెలుగులోనే రాసేవాళ్లం. ఒక రాత్రి పాచ్ వేసిన కుర్రవాడు ‘అద్దం తీసి ఉంచాను’ అని రాసి ఇంటికి వెళ్లాడు. రెండవ డిస్కును జోడు నుండి విడదీశానని అతని భావం. ఆ ర్యాకుకు ముందువైపు అద్దాల తలుపు ఉండేది. పొద్దున వచ్చినతను ఆ తలుపు నిజంగానే బార్లా తెరిచి ఉండడం చూసి, చల్లదనం పోతుందని మూసి, ఆ వాక్యం కిందనే ‘అద్దం వేశాను’ అని నిజాయితీగా రాశాడు. మధ్యాహ్నం పాచ్ బెడిసి యంత్రం లేవలేదు. నేను పుస్తకం తిరగేసి, రెండవ డిస్కును మళ్లీ జతచేసేశారు కాబట్టి పాచ్ దానిలోకి కూడా పాకిపోయిందని నిశ్చయించుకొని, టేపు నుండి తిరిగి ఎక్కించడానికి నాలుగు గంటలు కూర్చున్నాను. చెక్కుచెదరని డిస్కు నా మోకాలికి జానెడు దూరంలో, ఆకుపచ్చ దీపం వెలుగుతూ, ఊరికే ఉంది. యంత్రం లేవకముందు ఆజ్ఞ అడిగే ఓకే ప్రాంప్ట్ దగ్గర దాని పేరు ఒక్కసారి కొట్టి ఉంటే తెలిసిపోయేది. అందుకే మాట కోసం ఇంత తాపత్రయం.

గాజువాక నుండి:
మీరు పేరు కొట్టి ఉన్నా మోసపోయేవారేమో! డిస్కులను జోడుగా నడిపే సోలారిస్ వాల్యూమ్ మేనేజర్‌లో రూట్‌ను (వ్యవస్థ దస్త్రాలన్నిటికీ మూలమైన చోటును) జోడుగా పెట్టుకున్నప్పుడు, విడదీసిన డిస్కులోని ఈటీసీ సిస్టమ్, వీఎఫ్‌స్టాబ్ దస్త్రాలు ఇంకా జోడు పేరునే పలుకుతుంటాయి. విడదీసిన వెంటనే వాటిని దిద్దకపోతే, యంత్రం రెండవ డిస్కు నుండి లేచినట్టే లేచి, రూట్‌ను మాత్రం జోడు నుండి, అంటే పాచ్ పడిన మొదటి డిస్కు నుండే, తగిలించుకుంటుంది. లేచింది ఒకచోట, నిలిచింది మరొకచోట. పద్యంలో ‘అందు’ ఎంత బరువైన మాటో ఇక్కడ తెలుస్తుంది. కొండ అద్దమందు ఉన్నదా, అద్దం కొండయందు ఉన్నదా? నా దృష్టిలో ఈ చర్చలో తేలవలసిన అక్షరం ‘కొ’ కాదు, ‘అందు’.

భీమిలి నుండి:
ఆలస్యంగా వస్తున్నందుకు మన్నించండి. ‘అద్దం’ వదిలేయండి అని నా సలహా. తాళపత్రాలతో పనిచేసేవారి దగ్గర మంచి మాటలు ఎప్పటినుండో ఉన్నాయి: మాతృక, ప్రతి, శుద్ధప్రతి, పాఠాంతరం. దేనిని చూసి రాస్తామో అది మాతృక, రాసుకున్నది ప్రతి. బ్రౌను ఒకే కావ్యానికి పలు ప్రతులు తెప్పించి, పండితుల చేత పోల్చి చూపించి, శుద్ధప్రతి రాయించేవాడు. ఆ పనిలో ఏది దేనిని చూసి దిద్దబడుతున్నదో తెలియకపోతే తప్పు పాఠం మంచి పాఠాన్ని మింగేస్తుంది. మీ డిస్కులను మళ్లీ కలిపేటప్పుడు జరిగేదీ అదే. జోడులో అప్పటికి నడుస్తున్నది మాతృక అవుతుంది, కొత్తగా తగిలించినది దాని చేత పూర్తిగా తుడిచిపెట్టబడుతుంది. వెనక్కి రావాలనుకొని, చెడిన డిస్కు నడుస్తున్న జోడుకు మంచిదానిని తగిలించారనుకోండి, మంచిది అక్కడితో సరి. ‘అద్దం’ అన్న మాటలో ఈ దిశ వినిపించదు, ‘మాతృక, ప్రతి’ అన్నప్పుడు వినిపిస్తుంది.

పెదవాల్తేరు నుండి:
భీమిలి అమ్మగారి మాట నచ్చింది, కాని ఒక సవరణ. లేఖకుడు రాసిన ప్రతి మాతృకలో తరువాత దిద్దిన దిద్దుబాట్లను అనుసరించదు. విడదీయకముందు మీ రెండు డిస్కులూ ఒకే రాతను ఒకేసారి అందుకుంటున్నాయి. అప్పటికి అవి లేఖకుడి చేతిలో లేవు, నిజంగా అద్దంలోనే ఉన్నాయి. 1988లో బర్క్‌లీ పరిశోధకులు డిస్కుల వరుసలకు (రెయిడ్) అంతస్తులు కట్టినప్పుడు మొదటి అంతస్తుకు అద్దం పేరు పెట్టినది కూడా ఆ దశను చూసే. కాబట్టి విడదీసేవరకు అద్దం, విడదీసిన క్షణం నుండి ప్రతి. వస్తువు ఒకటే, దశను బట్టి పేరు మారుతుంది.

భీమిలి నుండి:
దశను బట్టి పేరు మారడం మీకు కొత్తగా తోచవచ్చు, ఐబీఎం వారి ఏఐఎక్స్ వ్యవస్థలో అది రోజువారీ సంగతి. అక్కడ యంత్రం ఏ డిస్కు నుండి లేస్తే దానికే రూట్‌వీజీ అన్న పేరు వస్తుంది. పక్కన సిద్ధం చేసుకున్న నకలు నుండి లేస్తే, నిన్నటి అసలుది ‘పాత రూట్‌వీజీ’ అయి కూర్చుంటుంది. నిలబడినవాడిదే పేరు. నడుస్తున్న వ్యవస్థ పక్కనే కొత్తదానిని సిద్ధం చేసే సోలారిస్ లైవ్ అప్‌గ్రేడ్‌లో ఇంకొక మాయ ఉంది: ల్యూయాక్టివేట్ ఆజ్ఞతో కొత్తదానిని ఎంచుకొని, అలవాటు కొద్దీ రీబూట్ అని కొడితే యంత్రం పాత చోటనే లేస్తుంది. ఇనిట్ 6 అనో, షట్‌డౌన్ అనో చెబితేనే కొత్త చోటికి మారుతుంది, ఎందుకంటే మార్చే పని ఆపే క్రమంలో నడిచే స్క్రిప్టులు చేస్తాయి. రీబూట్ వాటిని దాటేసి పోతుంది. ‘మారాలి’ అనడం వేరు, ‘మారడానికి తగిన విధంగా ఆగాలి’ అనడం వేరు. నియమావళిలో క్రియ కూడా జాగ్రత్తగా ఎంచుకోండి.

గాజువాక నుండి:
క్రియల మాట వచ్చింది కాబట్టి, సగం లెక్క కూడా రాసుకోండి. వాల్యూమ్ మేనేజర్ తన స్థితిని కొన్ని ప్రతులుగా డిస్కుల మీద దాచుకుంటుంది. వాటిలో కనీసం సగం బతికి ఉంటే నడుస్తున్న యంత్రం నడుస్తూనే ఉంటుంది. ఆపి లేపాలంటే మాత్రం సగం చాలదు, సగానికి మించి ఉండాలి. రెండు డిస్కుల మీద సమానంగా పంచుకున్నవారు ఒక డిస్కు పోయిన రోజున హాయిగా నడిపిస్తూ ఉండి, రాత్రి రీబూట్ కొట్టగానే గతుక్కుమంటారు. ‘కొంచెముండుటెల్లఁ గొదువ గాదు’ అన్న రెండవ పాదం ఇక్కడ బొత్తిగా చెల్లదు. కొంచెం కొదువైతే యంత్రం లేవదు.

సీతమ్మధార నుండి:
రెండవ పాదం ఎత్తారు కనుక అడుగుతున్నాను. మీరు ‘గొదువ గాదు’ అని సరళంతో రాశారు, అంటే నా సూత్రానికి తెలియకుండానే వచ్చారు. పెదవాల్తేరు వారు దీనికేమంటారో!

పెదవాల్తేరు నుండి:
గాజువాక వారు అచ్చు పుస్తకం చూసి రాసి ఉంటారు. మా అమ్మమ్మ దీనిని ‘కొంచెమైన నదియు కొదువ కాదు’ అనేది. అదీ ఐదు సూర్యగణాలే, ఎక్కడా భంగం లేదు. కావాలంటే వేళ్ల మీద లెక్కపెట్టుకోండి.

సీతమ్మధార నుండి:
లెక్కపెట్టాను. గణాలకు భంగం లేదు, ఒప్పుకున్నాను. కాని ‘కొంచెమైన నదియు’ అంటే తగ్గిన వస్తువు మీదికి పోతుంది, ‘కొంచెముండుట’ అంటే తగ్గి ఉండే పని మీదికి పోతుంది. అనువు కాని చోట మనిషి ఏమి చేయాలో చెప్పే పద్యానికి పని కావాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలోని కృష్ణా గ్రంథాలయానికి వచ్చే వారం వెళ్లే పని ఉంది, పాత అచ్చు ప్రతులు తీయించి రెండు పాదాలూ చూసి వస్తాను.

ఎంవీపీ కాలనీ నుండి:
మాస్టారూ, మా పాచ్ ఈ ఆదివారం రాత్రి ఒంటిగంటకు. అంతవరకు ఆగలేను కనుక మొదటి పుటలో పద్యం వేసే ఆలోచన మానుకున్నాను. భీమిలి అమ్మగారి మాటలు తీసుకొని, రెండు డిస్కుల మీదా కాగితపు చీటీలు అతికించి, షిఫ్టు పుస్తకంలో ఇలా రాశాను: ‘0వ డిస్కు జోడులో నడుస్తున్నది, దీనికి పాచ్ పడుతుంది. 1వ డిస్కును జోడు నుండి విడదీసి, దానిలోని రెండు దస్త్రాలూ దిద్ది, దాని నుండి ఒకసారి లేపి, రూట్ ఎక్కడిదో చూసి నిర్ధారించుకున్నాము. ఇది పాచ్‌కు ముందటి ప్రతి. సోమవారం సాయంత్రం వరకు దీనిని జోడుకు ఎవరూ తగిలించరాదు.’ ర్యాకు తలుపుకు ఉన్న అద్దం మీద కూడా ఒక చీటీ అతికించాను: ‘ఇది తలుపు.’

సీతమ్మధార నుండి:
బాగుంది. ‘ముందటి’ అన్నారు, ‘ముందరి’ అనడం మన వైపు వాడుక. ‘ముందటి’లో కాలం వినిపిస్తుందా, చోటు వినిపిస్తుందా అన్నది ఆలోచించవలసినదే.

గాజువాక నుండి:
రెండూ వినిపిస్తాయి, మాస్టారూ. అదే ఇబ్బంది. ర్యాకులో 1వ డిస్కు ముందువైపునే ఉంటుంది.