భోజనం తర్వాత నెమ్మదిగా ఊపిరి తీస్తే రక్తనాళాలకు మేలు జరుగుతుందా?

సందేహి:
తిన్నాక ఓ పది నిమిషాలు కూర్చుని, నిమిషానికి ఆరుసార్లు చొప్పున నెమ్మదిగా ఊపిరి తీసి వదిలితే, ఆ భోజనంలోని కొవ్వు రక్తనాళాలకు చేసే చెరుపు తగ్గుతుందని ఈమధ్య తరచూ వింటున్నాను. మా నాన్నగారికి బీపీ ఉంది, మాత్రలు వాడుతున్నారు. భోజనం అయ్యాక కాసేపు నడవడం ఆయనకు అలవాటు. ఇప్పుడు నడక మానేసి దీనికి మారతానంటున్నారు. మారనివ్వచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి.

నిదానం:
మారనివ్వండి, మంచిదే. మామూలుగా మనం నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తాం. దాన్ని ఆరుకి దించితే ఏమవుతుందో మీరే చూడొచ్చు. మణికట్టు దగ్గర నాడి మీద వేలు పెట్టండి. ఊపిరి తీసేటప్పుడు నాడి కాస్త వేగం అందుకుంటుంది, నిదానంగా వదిలేటప్పుడు నెమ్మదిస్తుంది. ఆరు దగ్గరికి వచ్చేసరికి ఆ తేడా చాలామందికి వేలికే తెలుస్తుంది. మెడలోని ధమనుల్లో, గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమనిలో ఒత్తిడిని కనిపెట్టే నరాల చివరలు ఉంటాయి. ఈ లయలో అవి ఇంకా చురుగ్గా పనిచేస్తాయి. 2005లో బీపీ ఉన్నవాళ్ల మీద చేసిన ఒక పరిశోధనలో, ఇలా ఊపిరి తీస్తున్నప్పుడు పై అంకె సగటున 150 దగ్గర్నుంచి 141కి దిగింది. పైగా ముక్కుతో తీసే గాలిలో నైట్రిక్ ఆక్సైడ్ ఉంటుంది. రక్తనాళాల్ని వదులు చేసేది అదే కదా!

ధమని:
నిదానం గారూ, బీపీ గురించి మీరు చెప్పినదానితో నాకు పేచీ లేదు. కానీ ఇక్కడ ప్రశ్న బీపీ గురించి కాదు, తిన్న తర్వాత రక్తనాళం లోపలి పొరకు ఏమవుతుందన్నది. ఈ రెండింటినీ కలిపేయడం వల్లే ఇంత ప్రచారం జరుగుతోంది.

ఆ లోపలి పొరను ఎండోథీలియం అంటారు. ఒకే ఒక్క వరస కణాలు. అయినా రక్తనాళం ఎప్పుడు వదులవ్వాలో, ఎప్పుడు బిగుసుకోవాలో చాలావరకు చెప్పేది అదే. రక్తం జోరుగా పారి గోడను రాసుకుంటూ వెళ్తే, ఆ కణాలు నైట్రిక్ ఆక్సైడ్ వదులుతాయి, నాళం వెడల్పవుతుంది. ఈ వాయువు శరీరంలో చేసే పని కనిపెట్టినందుకే ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు 1998లో నోబెల్ బహుమతి వచ్చింది.

దీన్ని కొలిచే పద్ధతి కూడా ఉంది. ముంజేతికి పట్టీ కట్టి ఐదు నిమిషాల పాటు రక్తం ఆగిపోయేలా బిగిస్తారు. వదలగానే రక్తం ఒక్కసారిగా దూసుకుపోతుంది. అప్పుడు మోచేతికి పైన ఉన్న ధమని ఎంత విచ్చుకుందో అల్ట్రాసౌండ్‌లో చూస్తారు. ఆ ధమని వెడల్పు నాలుగు మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. మనం కొలిచేది అందులో వచ్చే మార్పును, అంటే మిల్లీమీటరులో కొన్ని పదోవంతుల్ని. కాబట్టి చెయ్యి కాస్త కదిలినా లెక్క తప్పుతుంది.

ఈ పద్ధతితోనే 1997లో అమెరికాలో పదిమంది ఆరోగ్యవంతుల్ని పరీక్షించారు. 50 గ్రాముల కొవ్వున్న ఒక్క భోజనం తర్వాత, ధమని విచ్చుకునే శక్తి 21 శాతం నుంచి 11 శాతానికి పడిపోయింది. అవే క్యాలరీలతో కొవ్వు దాదాపు లేని భోజనం పెట్టినప్పుడు ఆ తగ్గుదల కనిపించలేదు. చిన్న పరిశోధనే, కానీ ఆ తర్వాతి పనికి ఇదే దారి చూపింది. ఎందుకలా జరుగుతుందంటే, పేగుల నుంచి కొవ్వు రేణువులు రక్తంలోకి చేరతాయి, ఫ్రీ రాడికల్స్ అనే, దేనితోనైనా ఇట్టే కలిసిపోయి దాన్ని దెబ్బతీసే అణువులు పెరుగుతాయి, అవి నైట్రిక్ ఆక్సైడ్‌ని పాడుచేస్తాయి. రక్తంలో ట్రైగ్లిజరైడ్లు, అంటే ఆ కొవ్వు, పైస్థాయికి చేరేది తిన్న మూడు నాలుగు గంటలకు. తినగానే చేసిన పది నిమిషాల ఊపిరి అప్పటిదాకా ఎలా కాపలా కాస్తుంది? నా అభ్యంతరం అంతా ఇక్కడే.

ఇక ముక్కులోని నైట్రిక్ ఆక్సైడ్ సంగతి. అది ముక్కు చుట్టూ ఉన్న ఎముకల గదుల్లో తయారై, గాలితో పాటు ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. అక్కడి రక్తనాళాలకు ఉపయోగమే. కానీ రక్తంలో కలవగానే హీమోగ్లోబిన్ దాన్ని క్షణాల్లో పట్టేసుకుంటుంది. అదే వాయువు చేతి ధమని దాకా వెళ్లి పనిచేస్తుందనడం సరికాదు.

నిదానం:
మీరు అంతా కొవ్వు మీదే పెడుతున్నారు. మనిషి టెన్షన్‌లో తింటే? 2000 సంవత్సరంలో వచ్చిన ఒక పరిశోధన చూడండి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లను కొద్ది నిమిషాలు మానసిక ఒత్తిడికి గురిచేస్తే, మీరు చెప్పిన పరీక్షలోనే ధమని విచ్చుకునే శక్తి సగానికి పడిపోయింది. గంటన్నర తర్వాత కూడా కోలుకోలేదు. ఒత్తిడి అంతసేపు చెరుపు చేయగలిగినప్పుడు, ఒత్తిడిని తగ్గించే పని అంతసేపు మేలు ఎందుకు చేయకూడదు?

ఇంకొకటి. 2011లో ఇటలీలో క్రీడాకారుల మీద సరిగ్గా భోజనం తర్వాతే పరిశీలించారు. పొట్ట కదిలేలా నెమ్మదిగా ఊపిరి తీసినవాళ్లలో రక్తంలో చక్కెర, ఫ్రీ రాడికల్స్ రెండూ తగ్గాయి. నైట్రిక్ ఆక్సైడ్‌ని పాడుచేసేవి ఫ్రీ రాడికల్సే అని మీరే అన్నారు.

ధమని:
ఒత్తిడి మాట బలమైనదే. ఊపిరి వల్ల రక్తనాళానికి మేలు జరిగే దారి ఏదైనా ఉంటే అది ఇదేనని నేనూ అనుకుంటాను. అయితే ఆ లెక్కన ఊపిరి కసరత్తు చేయాల్సింది ఒత్తిడి ఉన్నప్పుడు, వీలైతే భోజనానికి ముందు. తిన్నాక చేయాలన్న నియమం దాన్నుంచి రాదు. ఇక ఇటలీ పరిశోధనలో చక్కెర, ఫ్రీ రాడికల్స్ కొలిచారు, ధమని విచ్చుకోవడాన్ని కొలవలేదు. పైగా వాళ్లు క్రీడాకారులు. బీపీ మాత్రలు వేసుకునే పెద్దాయనకు దాన్ని అలాగే అంటగట్టలేం.

నన్ను ఒప్పించాలంటే ఇలా చేయాలి. అదే మనుషులకు, అదే భోజనం, వేర్వేరు రోజుల్లో పెట్టాలి. ఒకరోజు నెమ్మది ఊపిరి, ఒకరోజు ఊరికే కళ్లు మూసుకుని కూర్చోవడం, ఒకరోజు నడక. రెండో గంటలో, నాలుగో గంటలో ధమనిని కొలవాలి. ఊరికే కూర్చునే రోజు లేకపోతే ఆ ఫలితానికి విలువ లేదు, ఎందుకంటే విశ్రాంతి ఒక్కటే కొంత మార్పు తెస్తుంది.

నడక సంగతి వేరు. రక్తం పారే జోరే ఆ పొరకు సంకేతం అన్నాను కదా. నడిస్తే కాళ్లలో ఆ జోరు నేరుగా పెరుగుతుంది, కండరాలు చక్కెరను లాక్కుంటాయి. కదలకుండా మూడు గంటలు కూర్చున్నవాళ్లలో తొడ ధమని విచ్చుకునే శక్తి తగ్గిందనీ, గంటకోసారి ఐదు నిమిషాలు నడిచినప్పుడు తగ్గలేదనీ 2015లో తేలింది. ఇంత ఉన్న నడకను వదిలి, ఇంకా తేలని దానికి మారడం ఎందుకు? నాన్నగారిని దయచేసి మాన్పించకండి.

కొత్తగా_చేరాను:
ఊపిరి వ్యాయామంతో రక్తనాళాలు 45 శాతం మెరుగయ్యాయని 2021లో కొలరాడో విశ్వవిద్యాలయం చెప్పింది కదా?

ధమని:
అది నెమ్మది ఊపిరి కాదండీ. గాలికి అడ్డుపెట్టే పరికరంలోంచి బలంగా ఊపిరి లోపలికి లాగే కసరత్తు, రోజుకు 30 సార్లు, ఆరు వారాలు. పై అంకె 9 తగ్గింది, ధమని కూడా మెరుగైంది. మంచి ఫలితం. కానీ దాన్ని తెచ్చి తిన్నాక కూర్చుని ఊపిరి తీయడానికి సాక్ష్యంగా చూపిస్తే జనం మోసపోతారు.

వార్డు_సిస్టర్:
నర్సుగా ఒక మాట. ఎవరూ దీని ఊసెత్తలేదు. తిన్నాక రక్తం పేగుల వైపు ఎక్కువగా వెళ్తుంది. పెద్దవయసులో కొందరికి తిన్న రెండు గంటల్లోపు బీపీ పై అంకె 20 లేదా అంతకంటే ఎక్కువ పడిపోతుంది. బీపీ మాత్రలు వాడేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. కళ్లు తిరుగుతాయి, కొందరు పడిపోతారు కూడా. అలాంటివాళ్లకు తిన్న వెంటనే నడకైనా, బీపీని ఇంకా దించే ఊపిరి కసరత్తైనా చూసుకుని చేయాల్సిందే. ముందు నాన్నగారికి తిన్నాక ఎలా ఉంటోందో తెలుసుకోండి.

సందేహి:
థాంక్స్ అండీ. తిన్నాక లేచేటప్పుడు అప్పుడప్పుడు గోడ పట్టుకుంటున్నారు. వయసు వల్ల అనుకున్నాం. నడక మాన్పించను. బీపీ ఎప్పుడెప్పుడు చూడాలి?

వార్డు_సిస్టర్:
భోజనానికి ముందు ఒకసారి, తిన్న అరగంటకు, గంటకు, రెండు గంటలకు. ప్రతిసారీ ఐదు నిమిషాలు కూర్చున్నాకే, ఒకే చేతికి చూడండి. కొన్ని రోజులు టైముతో సహా రాసిపెట్టి డాక్టర్‌కి చూపించండి. గోడ పట్టుకుంటున్న సంగతి కూడా చెప్పండి. అప్పటిదాకా మాత్రల టైము మీ అంతట మీరు మార్చకండి. ఆయన లేచేటప్పుడు ఎవరో ఒకరు పక్కన ఉండండి.